స్కూల్ ఫోటో డే: ఇయర్‌బుక్ టీమ్‌కి ఉండే అపోహలు, అసలు వాస్తవాలు

ఇయర్‌బుక్ (స్కూల్లో అందరి ఫోటోలతో ఏటా వేసే పుస్తకం) టీమ్‌ని నడిపించే టీచర్‌గా నాకు ఏడాదిలో అన్నిటికంటే ముఖ్యమైన రోజు ఫోటో డే. పేజీల డిజైన్ తర్వాతైనా మార్చుకోవచ్చు. స్కూల్లోని పిల్లలందరూ ఒక్కొక్కరుగా మన ముందుకొచ్చే అవకాశం మాత్రం మళ్లీ రాదు.

అపోహ: ఆ రోజు పనంతా ఫోటోగ్రాఫర్‌దే.

ఫోటోగ్రాఫర్‌కి లైటింగ్ తెలుసు, కెమెరా తెలుసు. ఎదురుగా కూర్చున్న పిల్ల ఎవరో తెలియదు, ఒక్కొక్కరి మీద ఎక్కువసేపు ఉండే వీలూ లేదు. అందుకే వరుస దగ్గర టీమ్‌లో ఇద్దరైనా ఉండాలి. అద్దం, దువ్వెన, టిష్యూలు దగ్గర పెట్టుకుని కాలర్లు సరిచేయాలి, మెడలో ఐడీ కార్డు తీయించాలి. కళ్లద్దాల మీద లైటు మెరుస్తుంటే గడ్డం కొద్దిగా దించమంటే చాలావరకు పోతుంది. ఎండకు నల్లబడే అద్దాలున్న పిల్లల్ని కాస్త ముందే లోపలికి పిలవాలి, అవి తేటపడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. వెనక గ్రీన్ స్క్రీన్ (తర్వాత కంప్యూటర్‌లో వేరే బ్యాక్‌గ్రౌండ్ పెట్టడానికి కట్టే ఆకుపచ్చ తెర) కడుతున్నారా అని ముందే కనుక్కోండి. కడితే ఆకుపచ్చ బట్టలు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతాయి.

అపోహ: పేర్లు ఆఫీసు లిస్టులో ఉన్నాయి కదా!

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. ఫోటో ఫైళ్లు సాధారణంగా నంబర్లతో వస్తాయి, ఆ నంబర్‌కి పేరు కలిపేది వేరే లిస్టు. ఫోటోలు లిస్టు వరుసలోనే తీస్తుంటే, ఒక్కరు ముందుకో వెనక్కో జరిగినా మధ్యలో ఉన్నవాళ్ల పేర్లన్నీ తారుమారు. అందుకే ప్రతి ఒక్కరి చేతిలో పేరు, సెక్షన్ ఉన్న చీటీ ఉండాలి. పుస్తకంలో ఎలా పడాలో అలా పేరును ఎవరిది వాళ్లే రాయాలి. కుర్చీ దగ్గర నిలబడ్డ టీమ్ మెంబర్ "నువ్వు ఫలానావే కదా?" అని అడగకూడదు, కంగారులో పిల్లలు దేనికైనా తలూపేస్తారు. "నీ పేరేంటి?" అని అడిగి, చీటీతో సరిచూసుకోవాలి. ఒకే సెక్షన్‌లో ఒకే పేరున్న ఇద్దరుంటే ముందే గుర్తు పెట్టుకోండి. ప్రింట్‌కి పంపేముందు ఆ పేజీలను క్లాసుకు తీసుకెళ్లి పిల్లలకే చూపించండి. ముఖం కింద వేరే పేరు పడితే ఆ పుస్తకం ఉన్నన్నాళ్లూ అది అలాగే ఉండిపోతుంది.

గ్రూప్ ఫోటోలైతే ఎవరూ కదలకముందే, ఎడమ నుంచి కుడికి వరుసలవారీగా పేర్లు రాసుకోవాలి.

అపోహ: రానివాళ్ల ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకోవచ్చు.

మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదిస్తుంది. ప్రింట్‌కి అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. అంటే ఒకటిన్నర అంగుళాల వెడల్పు ఫోటోకి 450. పెళ్లిలోనో పార్కులోనో తీసిన ఫోటోలోంచి ముఖం మాత్రమే కత్తిరిస్తే అన్ని పిక్సెళ్లు మిగలకపోవచ్చు. మిగిలినా, వరుసలో ఆ ఒక్క ఫోటో వేరుగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ పిల్లలకు అది బాధ. రీటేక్ (రానివాళ్లకు మళ్లీ ఫోటో తీసే) తేదీని ఫోటో డే కంటే ముందే ఖాయం చేయండి. రానివాళ్ల లిస్టు ఆ సాయంత్రమే రాసి, తర్వాత స్కూల్లో చేరినవాళ్లనీ అందులో కలపండి. ఫోటో వద్దని తల్లిదండ్రులు చెప్పిన పిల్లల లిస్టు వేరే ఉండాలి. వాళ్లను పదే పదే అడిగి ఇబ్బంది పెట్టొద్దు.

అపోహ: టీచర్లు, స్టాఫ్ ఫోటోలు ఎప్పుడైనా తీసుకోవచ్చు.

ఆ 'ఎప్పుడైనా' రాదు. ఫస్ట్ పీరియడ్‌కి ముందే మొదలుపెట్టండి. బస్సు నడిపేవాళ్లను, శుభ్రం చేసేవాళ్లను మర్చిపోవద్దు.

అపోహ: వరుసలో నిలబడే సమయం వృథా.

నా దృష్టిలో ఆ రోజు మనకు దొరికే అసలు సంపద అదే. పేరు చీటీ వెనక ఒక్క ప్రశ్నకు జవాబు రాయించండి, రెండు వాక్యాల్లో చెప్పగలిగేది: "ఈ ఏడాది నువ్వు కొత్తగా నేర్చుకున్నదేంటి?" లాంటిది. ఆటల్లో, పోటీల్లో ఉన్నవాళ్లు పుస్తకంలో ఎలాగూ నాలుగైదు చోట్ల కనిపిస్తారు. మౌనంగా వచ్చి వెళ్లే పిల్లలకు ఉండేది ఆ చిన్న ఫోటో ఒక్కటే. వాళ్ల మాటను పుస్తకంలోకి తేవడానికి ఈ చీటీలే దారి. వాటిని సెక్షన్‌వారీగా కట్టి దాచుకోండి. పేజీలో చోటు మిగిలినప్పుడు, ఇంకెక్కడా కనిపించని పిల్లల చీటీలను ముందుగా తీయండి.