స్టార్ట్ అవుతుంది, స్లోలో నిలబడదు: పాత డీజిల్ పికప్‌ల మీద అపోహలు - వాస్తవాలు

"అన్నా, సెల్ఫ్ కొట్టగానే అందుకుంటోంది, యాక్సిలేటర్ మీంచి కాలు తీస్తే చాలు, రెండుసార్లు ఊగి ఆగిపోతోంది." విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పని చేసే నాకు ఈ మాట వినని వారం ఉండదు. అంటే స్లోలో, కాలు తీసినా ఇంజిన్ తనంతట తాను ఆడాల్సిన స్పీడులో, నిలబడట్లేదన్నమాట. ఎక్కువగా పాత టాటా 207లు, పాత బొలెరో పికప్‌లు, అంటే కంప్యూటర్ లేకుండా, ఇంజిన్‌లోకి డీజిల్ కొట్టే మెకానికల్ పంపుతో నడిచేవి. వీటి ఓనర్లలో చాలామందికి ఆ బండి తిరిగితేనే ఇల్లు గడుస్తుంది. వాళ్లు ఈ ఒక్క కంప్లయింట్ మీద అనవసరంగా వేలకు వేలు పోయడం చూసి చూసి బాధేసి, రోజూ వినే మాటల్లో నిజమెంతో రాస్తున్నాను.

అపోహ: స్టార్ట్ అవుతోందిగా, డీజిల్ బాగానే అందుతోంది.

అందరూ దారి తప్పేది ఇక్కడే. సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు మామూలు కంటే ఎక్కువ డీజిల్ ఇస్తుంది, దాని తయారీయే అంత. ఇంజిన్ అందుకున్నాక పంపులోని గవర్నర్, అంటే స్పీడుని బట్టి డీజిల్ సర్దే భాగం, ఆ డీజిల్‌ని బాగా తగ్గించి స్లోకి తెస్తుంది. 750 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 750 చుట్ల దగ్గర, రెండు చుట్లకోసారి చొప్పున ఒక్కో సిలిండర్‌లో నిమిషానికి 375 సార్లు డీజిల్ పడుతుంది, పడే ప్రతిసారీ అది ఒక చుక్కలో సగం కూడా ఉండదు. అంత కొంచెంలో గాలి బుడగ దూరితే ఇక మండటానికి ఏం మిగులుతుంది? రేస్ చేసినప్పుడు డీజిల్ ఎక్కువ పడుతుంది కాబట్టి అదే బుడగ అంతగా తెలియదు. అందుకే హైవే మీద లోడుతో లాగేసిన బండి ఊళ్లోకి రాగానే సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది.

అపోహ: ఎక్కడా డీజిల్ కారట్లేదు, కాబట్టి లైన్లో లీకేజీ లేదు.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోగొట్టేది ఈ నమ్మకమే. ట్యాంకు నుంచి డీజిల్ లాగి పెద్ద పంపుకి అందించే చిన్న పంపుని ఫీడ్ పంపు అంటాం. ట్యాంకు నుంచి దాని దాకా ఉన్నది పీల్చే లైను. కొబ్బరిబోండాంలో వేసిన స్ట్రాకి పైన చీలిక ఉంటే నీళ్లు బయటికి కారవు, నోట్లోకి గాలి వస్తుంది. ఇదీ అంతే. ఫీడ్ పంపు దాటాక ఉన్న లైన్లో ప్రెషర్ ఉంటుంది, అక్కడ లీకైతే తడి కనిపిస్తుంది. ముందున్న లైన్లో లీకైతే ఇంజిన్ నడుస్తున్నంతసేపూ బయట పొడిగానే ఉంటుంది, లోపలికి గాలి పోతుంది.

మిర్చి సీజన్లో గుంటూరు యార్డుకి బస్తాలు తోలే ఒకతను వచ్చాడు. అప్పటికే ఒకచోట ఫిల్టర్లు మార్చారు, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ సెట్టింగ్ చేశారు, చివరికి పంపు పోయింది విప్పాలి అన్నారట. పంపు జోలికి పోకుండా నేను ఒక ఐదు లీటర్ల క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, ఇంజిన్ కంటే ఎత్తులో కదలకుండా కట్టి, దాన్నుంచి ఒక పైపు నేరుగా ఫీడ్ పంపుకి పెట్టాను. ఎయిర్ తీసి స్టార్ట్ చేస్తే పావుగంట స్లోలో కదలకుండా ఆడింది. అంటే ఇంజిన్ బాగుంది, పంపు బాగుంది, జబ్బంతా ఫీడ్ పంపుకి ఆవల ట్యాంకు వైపే ఉందన్నమాట. తర్వాత అసలు లైన్ మళ్లీ తగిలించి మధ్యలో ఒక జానెడు పారదర్శకం పైపు వేస్తే బుడగలు వరసగా పోతూ కనిపించాయి. ఛాసిస్ మీది ఇనప పైపు నుంచి ఫీడ్ పంపుకి వచ్చే రబ్బరు పైపు, క్లిప్పు బిగించిన చోట పట్టుకుని వంచితే వెంట్రుకంత చీలిక నోరు తెరిచింది, వదిలేస్తే మూసుకుపోయింది. పైన మట్టి పొడిపొడిగా ఉంది, ఒక్క మరక లేదు. రెండడుగుల పైపు, రెండు క్లిప్పులు, పైపు చివర్లు బిగించే యూనియన్ బోల్టుల కింద కొత్త రాగి వాషర్లు, పనైపోయింది. ఆ వాషర్లు పాతవే మళ్లీ వేయకండి. ఒకసారి నొక్కుకున్న రాగి గట్టిపడిపోతుంది, మళ్లీ సరిగ్గా కూర్చోదు.

పొద్దున స్టార్ట్ అవ్వడానికి మొరాయించి, స్టార్ట్ అయ్యాక కాసేపు నిలబడక, తర్వాత సర్దుకునే బండికి కూడా ముందు ఈ లైనే చూడండి. రాత్రంతా గాలి దూరి డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోయి ఉంటుంది.

అపోహ: ఫిల్టర్ మొన్ననే మార్చాం, అది అయ్యుండదు.

మొన్న మార్చినప్పటి నుంచే మొదలైందా అని అడుగుతాను. చాలాసార్లు అవుననే చెప్తారు. వాషర్ సరిగ్గా కూర్చోకపోయినా, మార్చాక ఎయిర్ పూర్తిగా తీయకపోయినా ఇదే గోల. ఎయిర్ తీయడమంటే బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగ లేకుండా డీజిల్ ధారగా వచ్చేదాకా హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే పంపు) కొట్టి, ధార వస్తుండగానే బిగించాలి. ప్రైమర్ కొట్టినా గట్టిపడకపోతే దాని వాల్వులో చెత్తో, పీల్చే వైపు గాలో ఉన్నట్టు. పనిలో పనిగా వాటర్ సెపరేటర్ కింది స్క్రూ విప్పి నీళ్లు దింపండి. ట్యాంకు మూత తీసినప్పుడు బుస్సుమని గాలి లోపలికి పీలిస్తే ట్యాంకుకి గాలి అందించే బ్రీదర్ మూసుకుపోయిందని అర్థం.

అపోహ: స్లో స్క్రూ ఒక చుట్టు పెంచితే సరిపోతుంది.

ఆగదు, నిజమే. జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ఈ బండ్లకి స్లో సాధారణంగా 700 నుంచి 850 మధ్య ఉంటుంది, మీ బండి బుక్కులో ఎంతుంటే అంతే పెట్టాలి. వెయ్యికి పెంచి తోలితే రివర్స్ గేర్ కరకరలాడుతుంది, ఆగి ఉన్నంతసేపూ డీజిల్ ఉత్తినే కాలుతుంది, రేపు గాలి పెరిగితే అప్పుడూ ఆగుతుంది. ముందు గాలి, ఫిల్టరు, ట్యాపెట్ గ్యాపు (వాల్వుల దగ్గరుండే సందు) చూసుకుని, ఇంజిన్ బాగా వేడెక్కాక చివర్లో ముట్టుకోవాల్సిన స్క్రూ అది.

అపోహ: పంపు పోయింది, కాలిబ్రేషన్‌కి ఇవ్వాల్సిందే.

ఈ పంపులు చేసే మైకో కంపెనీ పేరు 2008లోనే బాష్‌గా మారినా మా లైన్లో ఇంకా మైకో పంపు అనే అంటాం, ఆ పంపులు అంత గట్టివి. పోవని కాదు. క్యాన్ పెట్టి, ఎయిర్ తీసి, నాజిల్స్ చూసినా స్లో పైకీ కిందికీ ఊగుతూనే ఉంటే అప్పుడు గవర్నర్‌ని అనుమానించాలి, పంపుని కాలిబ్రేషన్ బెంచ్ మీద పెట్టి కొలతలు చూడాలి. క్యాన్ పెట్టి చూడకుండా పంపు విప్పుదామనే వాళ్లకి మీరే ఆ మాట చెప్పండి, ఒక్క పావుగంట పని.

కొంచెం కిరోసిన్ కలిపితే లోపలంతా క్లీన్ అవుతుందనే మాట కూడా నమ్మొద్దు. రోటరీ పంపు (ఈ బండ్లలో కొన్నిటికి ఉండే రకం) లోపల అరగకుండా కాపాడేది డీజిల్‌లో ఉండే జిడ్డే. కిరోసిన్‌లో అది తక్కువ, బాగున్న పంపు కూడా అరిగిపోతుంది.

ఇంకో సంగతి. ఏ సిలిండర్ పనిచేయట్లేదో తెలుసుకోవడానికి ఇంజిన్ ఆడుతుండగా నాజిల్ పైపు నట్ వదులు చేసి చూడటం మాకు అలవాటు. అది ఈ పాత పంపు బండ్లకే, అదీ చెయ్యి దూరంగా పెట్టుకుని. కామన్ రైల్ బండ్ల, అంటే కంప్యూటర్‌తో నడిచే కొత్త డీజిల్ బండ్ల మీద మాత్రం వద్దే వద్దు, ఆ పైపుల్లో ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది, డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు బానెట్ ఎత్తి ఒక్కటి చూడండి. కేబుల్ లాగి ఆపే బండైతే, పంపు మీది స్టాప్ లివర్‌ని పూర్తిగా రన్ వైపుకి వేలితో తోయండి. కేబుల్ తుప్పు పట్టి సగంలో ఆగిపోతే లివర్ కొంచెం స్టాప్ వైపే ఉండిపోతుంది, స్లోలో అందాల్సిన డీజిల్ అందదు. తోయగానే ఇంజిన్ ఆగకుండా స్లోలో ఆడితే కేబుల్ మార్చి బండి తీసుకెళ్లిపోవచ్చు.