ఆందోళనకు మందు సెలైనా? నా ఓపీలో వినిపించే అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో మానసిక వైద్యం చేస్తున్న నా దగ్గరికి ఇందుకూరుపేట, విడవలూరు వైపు నుంచి వనామీ రొయ్యల రైతులు వస్తుంటారు. రాత్రి కరెంటు పోతే గుంటల నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయన్న భయం కొందరిని పంట పట్టేశాక కూడా వదలదు. గుండెదడ, నిద్రలేమి, మాటిమాటికీ జలుబు. "ఇమ్యూనిటీ పడిపోయింది డాక్టరుగారూ, ఒక సెలైన్ పెట్టించండి" అంటారు.

అపోహ: టెన్షన్ పడగానే రోగనిరోధక శక్తి పడిపోతుంది.

వాస్తవం: మొదట జరిగేది దానికి తలకిందులు. భయపడిన నిమిషాల్లోనే అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ తెల్ల రక్తకణాలను రక్తంలోకి తరలిస్తాయి, గాయమైతే సిద్ధంగా ఉండాలని. ఆ వెనకే మెదడులోని హైపోథాలమస్, పిట్యూటరీల ఆదేశంతో మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ విడుదల చేస్తాయి. వాపును (ఇన్‌ఫ్లమేషన్) అదుపులో పెట్టడం దాని పనుల్లో ఒకటి. ఇది నెలల తరబడి సాగితేనే చిక్కు. రోజూ అరిచే పెద్దాయన మాట ఇంట్లో ఎవరూ పట్టించుకోనట్టు, రోగనిరోధక కణాలు కార్టిసాల్‌ను లెక్కచేయడం తగ్గిస్తాయి. వైరస్‌లతో పోరు మందగిస్తుంది. ఐఎల్-6 వంటి వాపు కారకాలు మాత్రం పెరగవచ్చు. అంటే శక్తి పోవడం కాదు, తూకం తప్పడం. 1991లో అచ్చయిన ఒక అధ్యయనంలో వాలంటీర్ల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేస్తే, ఒత్తిడి ఎక్కువున్నవారికే ఎక్కువగా సోకింది. అయితే అది ఒత్తిడి గురించి. ఆందోళన రుగ్మతల్లో ఫలితాలు అంత నిలకడగా లేవు.

రైతులకు ఇది చెప్పడం తేలిక. గుంటలో ఆక్సిజన్ తగ్గితే రొయ్య ముందు నీరసించి, తర్వాత విబ్రియో బ్యాక్టీరియాకు లొంగుతుందని నాకంటే వాళ్లకే బాగా తెలుసు.

అపోహ: కార్టిసాల్ పరీక్షతో ఆందోళన జబ్బు తేలుతుంది.

వాస్తవం: తేలదు. కార్టిసాల్ పొద్దున ఎక్కువ, అర్ధరాత్రికి తక్కువ. నేను రాసేది థైరాయిడ్ పరీక్ష. ఆ గ్రంథి మితిమీరి పనిచేసినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

అపోహ: సెలైన్ బలాన్నిస్తుంది.

వాస్తవం: అర లీటరు సీసాలో ఉండేది నీళ్లు, 4.5 గ్రాముల ఉప్పు. వాంతులు, విరేచనాలతో నీరసించినవారికి అది ప్రాణం పోస్తుంది. గుండెదడకు కాదు.

అపోహ: మానసిక మందులన్నీ అలవాటైపోతాయి.

వాస్తవం: సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి మత్తుకు బానిసను చేయవు. గుణం తెలియడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది. అలవాటయ్యేది ఆల్ప్రజోలమ్ లాంటిది. విచిత్రమేమిటంటే, నేను రాసిన మందుకు జంకే మనిషి చొక్కా జేబులోనే, చీటీ లేకుండా కొన్న ఆ బిళ్లలు ఉంటాయి. వాటిని కూడా ఉన్నపళంగా ఆపేయకూడదు, మోతాదు మెల్లగా తగ్గించాలి.