నల్ల బీరు గ్లాసు పక్కన క్లబ్బు పద్దుల పుస్తకం

ఇంగ్లండ్‌లో మ్యాచ్ రోజు స్టేడియం దగ్గరి పబ్బుల్లో ఈమధ్య రెండు వాదనలు ఒకే బల్ల మీద నడుస్తున్నాయి. ఐర్లాండ్ నల్ల బీరుల్లో గిన్నిస్ మేలా, కార్క్ నగరపు మర్ఫీస్, బీమిష్ మేలా అన్నది ఒకటి. మన క్లబ్బు ఇంకో స్ట్రైకర్‌ని కొనగలదా, కొంటే ఖర్చు పరిమితి దాటిందని లీగ్ పాయింట్లు కోస్తారా అన్నది రెండోది. ఒకటి రుచి సంగతి, ఇంకోటి లెక్కల సంగతి. అయినా ఈ రెండింటి చుట్టరికం 130 ఏళ్ల పైమాటే.

మొదట రుచి సంగతి. స్టౌట్ అంటే వేయించిన బార్లీ వేసి కాచే నల్ల బీరు. లండన్‌లో పోర్టర్ అనే బీరు ఉండేది. అందులో ఘాటైన రకాన్ని స్టౌట్ పోర్టర్ అనేవారు. కాలక్రమంలో స్టౌట్ అన్న మాటే నిలిచింది. 1959లో గిన్నిస్‌లో పనిచేసే గణితవేత్త మైఖేల్ యాష్ నత్రజని కలిపి పోసే పద్ధతి తెచ్చాకే గ్లాసు పైన ఆ మీగడలాంటి నురగ వచ్చింది. గిన్నిస్‌ది కాఫీ చేదు, మర్ఫీస్ కాస్త తియ్యన, బీమిష్‌లో చాక్లెట్ వాసన ఎక్కువ అంటారు తాగేవాళ్లు. 2024–25 సీజన్ నుంచి ఇంగ్లండ్ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌కు గిన్నిస్ అధికారిక బీరు కూడా. ఆ డిసెంబరులోనే బ్రిటన్ పబ్బులకు సరుకు చాలక కోటా పెట్టాల్సి వచ్చింది. 1985 చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లోని పెద్ద ఫుట్‌బాల్ మైదానాల్లో ఆట కనిపించే చోట మద్యం తాగకూడదు. అందుకే తాగడమూ వాదించడమూ ఎక్కువగా పబ్బులోనే.

ఇప్పుడు చుట్టరికం. లివర్‌పూల్‌లో జాన్ హౌల్డింగ్ అనే బీరు వ్యాపారి ఉండేవాడు. ఎవర్టన్ క్లబ్బుకు పెద్దదిక్కు ఆయనే. జట్టు ఆడే ఆన్‌ఫీల్డ్ ఆయన చేతిలో ఉండేది, ఆటగాళ్లు బట్టలు మార్చుకునేది పక్కనే ఉన్న ఆయన శాండన్ హోటల్లో. అద్దె పెరుగుతూ వచ్చింది. క్లబ్బు సభ్యుల్లో మద్యనిషేధాన్ని నమ్మే మెథడిస్టు క్రైస్తవులు చాలామంది, వాళ్లకీ ఆయనకీ పొసగలేదు. 1892లో ఎవర్టన్ ఆన్‌ఫీల్డ్ ఖాళీ చేసి గూడిసన్ పార్కుకు వెళ్లిపోయింది. ఖాళీ మైదానం మిగిలిన హౌల్డింగ్ అక్కడే కొత్త క్లబ్బు పెట్టాడు. అదే లివర్‌పూల్ ఎఫ్‌సీ.

పదేళ్లకు మాంచెస్టర్‌లో అప్పుల్లో మునిగిన న్యూటన్ హీత్ క్లబ్బును ఇంకో బీరు వ్యాపారి, జాన్ హెన్రీ డేవిస్, ఆదుకున్నాడు. 1902లో దాని పేరు మాంచెస్టర్ యునైటెడ్‌గా మారింది. 1910లో ఆయన సొమ్ముతోనే ఓల్డ్ ట్రాఫర్డ్ లేచింది. అంటే ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో బయటి నుంచి డబ్బు సంచులతో వచ్చిన తొలి ధనవంతుల్లో బీరు కాచినవాళ్లు ఉన్నారు.

సంచులు వచ్చాక వాటికి తాడు కట్టాలన్న ఆలోచనా వచ్చింది. పెద్ద క్లబ్బులు డబ్బు ఎరవేసి మంచి ఆటగాళ్లనందరినీ ఎత్తుకుపోతాయన్న భయంతో 1901లో వారానికి 4 పౌండ్ల వేతన పరిమితి పెట్టారు. నియమం పుట్టగానే దొంగదారీ పుట్టింది. 1906లో మాంచెస్టర్ సిటీ తన ఆటగాళ్లకు లోపాయికారీగా ఎక్కువ ఇస్తోందని తేలి 17 మందిని ఆట నుంచి నిలిపేశారు. వాళ్లలో బిల్లీ మెరెడిత్ సహా కొందరు అదే ఊరి యునైటెడ్‌కు చేరారు, 1908లో యునైటెడ్ తొలిసారి లీగ్ గెలిచింది. ఈనాడు అదే సిటీ మీద ప్రీమియర్ లీగ్ 2023లో మోపిన వందకు పైగా అభియోగాల గురించి మాట్లాడుకునేవాళ్లు ఈ పాత కథను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఆ పరిమితి అరవై ఏళ్లు నడిచింది. చివరికి అది వారానికి 20 పౌండ్లు. వేలమంది టికెట్లు కొని చూసే ఆటలో ఆడేవాడికి దక్కింది అంత. అది ఆటగాళ్లకు జరిగిన అన్యాయమని నేను నమ్ముతాను. ఆటగాళ్ల సంఘం అధ్యక్షుడు జిమ్మీ హిల్ సమ్మె చేస్తామని గట్టిగా నిలబడ్డాక 1961 జనవరిలో దాన్ని ఎత్తేశారు. వెంటనే ఫుల్హమ్ ఆటగాడు జానీ హేన్స్ జీతం వారానికి 100 పౌండ్లయింది.

1992లో ప్రీమియర్ లీగ్, టీవీ డబ్బు వచ్చాయి. బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను ఆ ఊరి ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ కొని, సొంత డబ్బు కుమ్మరించి 1995లో లీగ్ గెలిపించాడు. ఆ క్లబ్బు కథ తర్వాత మన వైపు తిరిగింది. 2010లో దాన్ని కొన్నది వెంకీస్, అంటే హైదరాబాద్ మూలాలున్న బి.వి. రావు స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్ సంస్థ. 2012లో జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి జారింది. రెండో అంచె లీగ్ పెట్టిన నష్టాల పరిమితి దాటినందుకు 2014 డిసెంబరులో ఆటగాళ్లను కొనకుండా ఆంక్ష పడింది, 2017లో మూడో అంచెకూ జారింది.

పరిమితులు అసలు వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. 2008లో ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్ గెలిచిన పోర్ట్స్‌మత్ 2010లో దివాలా అంచుకు చేరింది. 1885లో పుట్టిన బరీ క్లబ్బును 2019లో లీగ్ నుంచి తీసేశారు. తాత, తండ్రి, మనవడు వరసగా వెళ్లిన మైదానానికి తాళం పడటం చిన్న సంగతి కాదు.

అందుకే యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా ఆదాయాన్ని మించి ఖర్చు పెట్టొద్దన్న నియమాలు తెచ్చింది, 2013లో ప్రీమియర్ లీగ్ కూడా తన సొంత పరిమితి పెట్టుకుంది. మూడేళ్లలో నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదన్నది ఆ పరిమితి. పదేళ్ల దాకా దీని వాడి ఎవరికీ తగల్లేదు. 2023 నవంబరులో ఎవర్టన్‌కు 10 పాయింట్లు కోశారు, అప్పీలులో అవి 6 అయ్యాయి, 2024 ఏప్రిల్‌లో ఇంకో 2 పోయాయి. నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌కు 4 పోయాయి. పబ్బుల్లో ఈ లెక్కలు నోటికి రావడం అప్పటి నుంచే.

ఆ లెక్కలో ఒక కిటుకుంది. 5 కోట్లకు కొన్న ఆటగాడికి ఐదేళ్ల ఒప్పందం ఉంటే పద్దులో ఏడాదికి కోటి చొప్పున ఖర్చు రాస్తారు. క్లబ్బు తన అకాడమీలో పెంచిన కుర్రాడికి కొన్న ఖరీదు ఉండదు కాబట్టి అతన్ని అమ్మితే వచ్చిందంతా లాభమే. దాంతో ఊళ్లో పుట్టి, ఆ చొక్కా వేసుకోవాలని కలగన్న పిల్లవాడే ముందుగా అమ్ముడవుతున్నాడు. నియమం రాసినవాళ్లు కోరింది ఇది కాదు, కానీ జరుగుతున్నది ఇదే. మరోపక్క చెల్సీ తన రెండు హోటళ్లను తమ సోదర సంస్థకే అమ్మి పద్దు సరిచేసుకుంది.

2025 నవంబరులో క్లబ్బులు కొత్త సూత్రానికి ఓటేశాయి. 2026–27 నుంచి జట్టు ఖర్చు ఫుట్‌బాల్ ఆదాయంలో 85 శాతం లోపు ఉండాలి. యూరప్ పోటీల్లో ఆడే క్లబ్బులకు యుయెఫా గీత 70 శాతం. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆదాయం ఎక్కువున్నవాడి గీత ఎప్పుడూ పైనే ఉంటుంది. మిగతావాళ్లు గీత పెంచుకోవాలంటే ఆదాయం పెంచుకోవాలి, ఆ ఆదాయంలో టికెట్టూ, స్టేడియంలో అమ్మే బీరు గ్లాసూ ఉన్నాయి. 2016 ఫిబ్రవరిలో 77 పౌండ్ల టికెట్ పెడతామన్నందుకు ఆన్‌ఫీల్డ్‌లో వేలమంది 77వ నిమిషంలో లేచి వెళ్లిపోయారు, యజమానులు వెనక్కి తగ్గారు. అలాంటి పరీక్షలు ఇకపై పెరుగుతాయని నా భయం.

బీరు వ్యాపారితో తగవు పడి ఎవర్టన్ కట్టుకున్న గూడిసన్ పార్కులో పురుషుల జట్టు చివరి మ్యాచ్ 2025 మే నెలలో జరిగింది. ఇప్పుడు ఆ జట్టు మెర్సీ నది ఒడ్డున సుమారు 53 వేలమంది పట్టే కొత్త స్టేడియంలో ఆడుతోంది. పాత మైదానం మహిళల జట్టుకు దక్కింది. కొత్తదాన్లో సీట్లు ఎక్కువ, బార్లు ఎక్కువ, అక్కడ అమ్ముడయ్యే ప్రతి స్టౌట్ గ్లాసు ఎవర్టన్ ఖర్చు పరిమితిని కాస్త పైకి జరుపుతుంది.