మిల్లు గోడ మీది బొమ్మ ఎవరిది? కొన్ని అపోహలు, వాస్తవాలు

రేణిగుంట దారిలో ఏళ్ల తరబడి మూతపడి ఉన్న ఒక వేరుశనగ నూనె మిల్లును బాగుచేసి, బయటి ఊళ్ల నుంచి వచ్చే చిత్రకారులూ శిల్పులూ నెలా రెండు నెలలు ఉండి పని చేసుకునే చోటుగా మేము నడుపుతున్నాం. పాత బియ్యం మిల్లో బెల్లం గోదామో చేతిలో ఉన్నవారు, తామూ అలాంటిది పెడదామని, మా దగ్గరికి తరచూ వస్తుంటారు. కరెంటు గురించీ పైకప్పు గురించీ గంటసేపు అడిగి, చివరికి చెప్పులు వేసుకుంటూ మాత్రం అందరూ ఒకే మాట అంటారు: ‘వచ్చినవాళ్లు గోడల మీద వేసేవన్నీ ఎలాగూ మనవే కదా సార్!’

కావు. చోటిచ్చినవారిదే బొమ్మ అన్న ఈ అపోహ వల్ల జరిగినంత నష్టం ఇంకే అపోహ వల్లా జరగడం నేను చూడలేదు. గోడ మీ సొంతమే, దాని మీద ఆరిన రంగూ మీ ఆస్తిలో భాగమే కావచ్చు. ఆ బొమ్మను అచ్చు వేసే, నకలు తీసే, మరొక రూపంలోకి మార్చే హక్కు మాత్రం కాపీరైటు చట్టం, 1957 ప్రకారం మామూలుగా గీసినవారిదే. మంచం, భోజనం, రంగుల ఖర్చు ఇచ్చినంత మాత్రాన ఆ హక్కు చేతులు మారదు. సెక్షన్ 19 ప్రకారం హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, హక్కుదారు సంతకం ఉండాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ లెక్క.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. మొదటి ఏడాది బెంగాల్ నుంచి వచ్చిన ఒక చిత్రకారిణి, నూనె తీసే ఎక్స్‌పెల్లర్ యంత్రం ఉండిన గదిలో, కాయలు ఒలిచే ఆడవాళ్ల బొమ్మ వేశారు. ఒకప్పుడు అదే మిల్లులో పనిచేసిన ఇద్దరు అవ్వలను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాయను నొక్కి నొక్కి సగానికి అరిగిపోయిన బొటనవేలి గోరును కూడా వదలకుండా గీశారు. ఆవిడ వెళ్లిపోయాక ఒక నూనె వ్యాపారి వచ్చి, ‘అన్నా, బొమ్మ బాగుంది, క్యాలెండరుకు వేసుకుంటా’ అంటే, ‘మన గోడే కదా, తీసుకో’ అన్నాను. మరుసటి ఏడాది ఆవిడ మళ్లీ వచ్చి, స్టేషన్ దగ్గరి టీ కొట్టులో ఆ క్యాలెండరు చూశారు. తేదీల పట్టీకి చోటు కోసం బొమ్మను మోచేతుల దగ్గర కోసేశారు. సంతకం ఉన్న మూల మీద నూనె డబ్బా కూర్చుంది. ఆవిడ డబ్బు అడగలేదు. వచ్చీరాని తెలుగులో, ‘చేతులు ఎందుకు కోశారు?’ అని మాత్రం అడిగారు.

ఆ ప్రశ్నకు చట్టంలోనూ చోటుంది. సెక్షన్ 57 ప్రకారం, హక్కులన్నీ అమ్ముకున్న తరువాత కూడా, ఆ కృతి తనదని చెప్పుకునే హక్కూ, తన గౌరవానికి భంగం కలిగేలా దాన్ని కత్తిరించడాన్నీ వికృతం చేయడాన్నీ అడ్డుకునే హక్కూ కర్తకు మిగిలే ఉంటాయి.

దీనికి తలకిందులైన అపోహ ఒకటి యువ చిత్రకారులలో ఉంది: ఏది గీసినా హక్కు ఎప్పటికీ తమదేనని. ఎవరైనా కోరి, ప్రతిఫలం ఇచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే తొలి హక్కుదారు అని సెక్షన్ 17 చెబుతోంది. కాబట్టి ‘ఫలానా గోడ మీద ఫలానా బొమ్మ వేయండి, ఇంత ఇస్తాం’ అన్న పిలుపూ, ‘వచ్చి మీ పని మీరు చేసుకోండి’ అన్న పిలుపూ ఒకటి కావు. నోటిమాటతో రైలెక్కే పిల్లలను చూస్తే నాకు జాలే కలుగుతుంది, ఎందుకంటే కాగితం అడిగితే పిలుపు రద్దవుతుందేమోనన్న భయం వాళ్లది. అడగండి, కాగితం పేరు చెబితే ముఖం చిట్లించే చోటికి వెళ్లకపోవడమే మేలు.

ఇక యజమానుల భయం: ‘ఒకసారి బొమ్మ వేయనిస్తే ఆ గోడను జన్మలో ముట్టుకోకూడదట!’ ఈ పుకారు ఎక్కడ పుట్టిందో గానీ, అందులో సగమే నిజం. ఢిల్లీలోని ప్రభుత్వ సభాభవనం విజ్ఞాన్ భవన్‌లోని తన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించి పాడుచేసినందుకు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ వేసిన దావాలో, 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పి, మిగిలిన భాగాలను తిరిగి అప్పగించమంది, 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. అదే హైకోర్టు 2019లో, ఢిల్లీలోని హాల్ ఆఫ్ నేషన్స్ అనే ప్రదర్శనశాల కూల్చివేతపై దాని వాస్తుశిల్పి రాజ్ రేవల్ వేసిన దావాను కొట్టివేస్తూ, స్థల యజమాని తన కట్టడాన్ని పూర్తిగా తొలగించుకోవడాన్ని వాస్తుశిల్పి అడ్డుకోలేరని చెప్పింది. పైగా, బొమ్మను ప్రదర్శనలో ఉంచకపోవడం దానికదే సెక్షన్ 57 ఉల్లంఘన కాదు. మా దగ్గరే నవంబరు వానలకు ఉత్తరపు గోడ చెమ్మపట్టి సున్నం పెళ్లలుగా రాలితే, ముందు చిత్రకారుడికి ఫోన్ చేసి, ఫోటోలు తీసుకునేందుకు వారం గడువిచ్చి, ఆ తరువాతే గోడ కొట్టించాం. ఆయనకు బాధ కలిగింది గానీ పేచీ రాలేదు.

మిగిలినవి క్లుప్తంగా. కాపీరైటు కోసం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు; గీసిన క్షణంలోనే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ సాక్ష్యంగా పనికొస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది కాబట్టి ఇక ఎవరూ నకలు తీయలేరనుకోవడం పొరపాటు. ఆ గుర్తింపు రక్షించేది పేరును. ఒక కళాకారుడు కొత్తగా కూర్చిన చిత్రాన్ని రక్షించేది కాపీరైటే. పాత ఆస్బెస్టాస్ రేకులంటారా, చెక్కుచెదరని రేకు కింద కూర్చున్నందుకు హడలిపోనక్కరలేదు, కానీ దీపాలు వేలాడదీయడానికి వాటికి డ్రిల్లు మాత్రం పెట్టకండి, రేగే పొడి ఊపిరితిత్తులకు చేటు.

ఇప్పుడు మా దగ్గర ఒక పేజీ ఒప్పందం ఉంది, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. బొమ్మ ఎవరిది, ఫోటోలు ఎవరు ఎక్కడ వాడవచ్చు, పేరు ఎలా వేయాలి, గోడ మరమ్మతుకు వస్తే ఎన్నాళ్ల ముందు చెప్పాలి అన్నవి అందులో ఉంటాయి. దాని చివరి వాక్యం ఆ బెంగాలీ చిత్రకారిణి చెప్పి రాయించినది: ‘అచ్చు వేసేటప్పుడు బొమ్మలోని మనుషుల చేతులు కోయరాదు.’