ఇంటి దగ్గరే కారు రిపేరా? ముందు ఈ అపోహలు వదలండి

ఆటోనగర్‌లో మా షెడ్డుకు ఈ మధ్య సగం పని ఇంట్లోనే కానిచ్చి, మిగతా సగానికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. తప్పేం లేదు. ఎయిర్ ఫిల్టర్, వైపర్లు మార్చుకోవడానికి నా దాకా రానక్కర్లేదు. నా భయమల్లా కారు పైకి లేపేవాళ్ల గురించే.

అపోహ: కంపెనీ ఇచ్చిన జాకీ ఉందిగా, చాలు.

వాస్తవం: అది స్టెప్నీ మార్చుకోవడానికి ఇచ్చింది. దాన్ని నమ్ముకుని కారు కిందికి దూరకండి. లేపాక బరువు మోయడానికి జాకీ స్టాండ్లు ఉండాలి.

అపోహ: స్టాండ్లు దండగ, సిమెంటు ఇటుకలు పెడితే సరిపోతుంది.

వాస్తవం: బోలు ఇటుక ముందు చెప్పి పగలదు. భవానీపురం నుంచి వచ్చే ఒకాయన రెండు ఇటుకల మీద కారు ఆనించి, టీ తాగొద్దామని బయటికి వచ్చాడు. గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది, ఇటుక పిండైపోయి కారు కింద పడింది. బ్రేక్ డిస్క్ వంగింది, మనిషి మిగిలాడు.

నేల కూడా చూసుకోవాలి. మే ఎండకు మెత్తబడ్డ తారులో జాకీ దిగబడుతుంది, కింద మందపాటి చెక్క వేయండి. సెల్లార్ ర్యాంపు మీద అసలు వద్దు. హ్యాండ్ బ్రేక్ లాగి, గేరులో ఉంచి, నేల మీదుండే చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. టైరు విప్పాలంటే నట్లు చక్రం నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేయాలి. స్టాండ్ల మీదికి దించాక చేత్తో ఓసారి ఊపి చూడండి. కదిలితే మళ్లీ మొదటికి రండి.

అపోహ: గుడ్డ పట్టుకుని తిప్పితే వేడి రేడియేటర్ మూతైనా తీయొచ్చు.

వాస్తవం: లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆపేది ఒత్తిడే. మూత వదులవగానే అవి మొహం మీదికి చిమ్ముతాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త.

అపోహ: బ్యాటరీకి ఏ వైరు ముందు తీసినా ఒకటే.

వాస్తవం: మైనస్ ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర్లో పెట్టాలి. బాడీ అంతా మైనస్సే. ప్లస్ విప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలితే నిప్పులే. ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టండి.

మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేయకండి, పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన ఉండదు.

బ్రేకుల జోలికి మాత్రం వీడియో చూసి వెళ్లొద్దు. బ్రేక్ ఆయిల్ బదులు ఇంజిన్ ఆయిల్ పోసుకుని వచ్చిన కారు చూశాను. రబ్బరు సీళ్లు ఉబ్బిపోయి, పెడల్ తొక్కితే బ్రేకులకు ఒత్తిడి పంపే మాస్టర్ సిలిండర్‌తో సహా అన్నీ మార్చాల్సి వచ్చింది.