కడప గుట్టలకు సైకిలు కూర్చడం: టైరు నుంచి ఫ్రేము దాకా

పల్లేరు కాయ నేలమీద ఎలా పడినా దాని ముల్లొకటి పైకే నిలిచి ఉంటుంది. ఎండిన కాయ అయిదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్లు, సాధారణంగా మరో రెండు చిన్న ముళ్లు ఉంటాయి. జమ్మలమడుగు దాటి గండికోట వైపు పోతూ, తారురోడ్డు వదిలి గొర్రెల బాట పట్టిన సైకిలు టైరును ఒకసారి చేత్తో నెమ్మదిగా తిప్పి చూస్తే ఈ మొక్క విత్తనాలను ఎంత దూరం పంపుకోగలదో అర్థమవుతుంది. ఒక ఉదయం నేను ముందు టైరు నుంచి పట్టుకారుతో పదకొండు ముళ్లు తీశాను. వాటిలో మూడు పల్లేరువి కావు, సర్కారు తుమ్మవి. అవి వేలి గోరుకన్నా పొడవుగా ఉండి, రబ్బరులో నిలువుగా దిగిపోయి ఉన్నాయి.

విడిభాగాలు విడిగా కొని మౌంటెన్ బైకును సొంతంగా కూర్చుకోవాలనుకునేవారు దాదాపు అందరూ ఫ్రేముతో మొదలుపెడతారు. కంటికి ముందు కనబడేదీ, ఖర్చులో పెద్దదీ అదే కాబట్టి ఇది సహజమే. కానీ ఎన్నో ఏళ్లు ఈ పని చేశాక నాకు కుదిరిన అభిప్రాయం వేరు. ఏ నేలమీద తొక్కుతామో ముందు నిర్ణయించుకోవాలి, ఆ నేలకు తగిన టైరును ఎంచుకోవాలి, ఆ టైరు పట్టే ఫ్రేమును తర్వాత వెతకాలి. ఈ వరుస తప్పితే, కొన్న ప్రతి భాగమూ ముందు కొన్న భాగానికి సర్దుబాటు చేయడంతోనే సరిపోతుంది.

మన నేల సంగతి చూద్దాం. కడప పేరుతోనే భూగర్భ శాస్త్రంలో ఒక బేసిన్, అంటే పొరలు పొరలుగా శిలలు పేరుకున్న పల్లం, ఉంది. దానిలోని ఒక పొరకు గండికోట క్వార్ట్‌జైటు అని పేరు. క్వార్ట్‌జైటు అంటే ఒత్తిడికీ వేడికీ గురై గట్టిపడిన ఇసుకరాయి. దానిలోని క్వార్ట్‌జ్ కాఠిన్యం, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానం మీద 7. మామూలు ఉక్కు కన్నా ఇది గట్టిది. గుట్టమీది ఈ రాయి అరిగి రాలిన ఇసుకే చైనులోకీ బేరింగుల్లోకీ బ్రేకు ప్యాడుల్లోకీ చేరుతుంది. గ్రీజుతో కలిసిన ఆ ఇసుక సాన పట్టే లేపనంలా పనిచేస్తుంది. గుట్ట దిగగానే నల్లరేగడి మొదలవుతుంది. ఈ మట్టిలోని బంకకణాలు నీటిని పీల్చి ఉబ్బుతాయి. ఒక్క వాన పడితే టైరుకూ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకూ మధ్య మట్టి ముద్దగా ఇరుక్కుని చక్రం తిరగడం ఆగిపోతుంది. ముల్లు, గరుకు రాయి, బంకమట్టి, వీటన్నిటిమీదా ఎండ: ఈ నాలుగింటినీ దృష్టిలో పెట్టుకుని టైరు ఎంచుకోవాలి.

నేను 29 అంగుళాల చక్రానికి 2.4 అంగుళాల వెడల్పు టైరు ఎంచుకుంటాను. చక్రం పెద్దదైతే రాయి సులభంగా ఎక్కుతుందనే మాట నిజమే కాని, ఎంత సులభమో లెక్క వేసి చూడటం మంచిది. టైరుతో కలిపి 26 అంగుళాల చక్రం వ్యాసార్ధం సుమారు 34 సెంటీమీటర్లు, 29 అంగుళాలది సుమారు 37. ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తున్న రాయికి తగిలినప్పుడు చిన్న చక్రం సుమారు 40 డిగ్రీల వాలును ఎదుర్కొంటే, పెద్దది 38 డిగ్రీలకు కాస్త పైన ఎదుర్కొంటుంది. తేడా రెండు డిగ్రీలకన్నా తక్కువే. అయితే ఆ తేడా దారిలో ప్రతి రాయి దగ్గరా పునరావృతమవుతుంది. మూడు గంటల తర్వాత భుజాలకు అది తెలుస్తుంది.

ముళ్లకు మందు ట్యూబు లేని టైరే. ట్యూబు బదులు టైరులో ద్రవ రబ్బరు పోస్తారు. ముల్లు చేసిన రంధ్రం గుండా గాలి తన్నుకొచ్చేటప్పుడు ఈ ద్రవమూ వెంట వచ్చి, అందులోని సన్నని రేణువులు రంధ్రాన్ని అడ్డగించి, రబ్బరు గడ్డకట్టి పూడుకుపోతుంది. మన ఎండలకు ఈ ద్రవం త్వరగా ఎండిపోతుంది కాబట్టి వేసవిలో నేను ఆరు వారాలకొకసారి మూత విప్పి చూసుకుంటాను. గాలి విషయంలోనూ ఎండ లెక్క ఉంది. తెల్లవారుజామున 28 డిగ్రీల వద్ద గేజి 25 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) చూపిందనుకుందాం. గేజి చూపేది బయటి వాతావరణ పీడనానికి పైనున్న భాగాన్నే కాబట్టి, 14.7 కలిపితే లోపలి అసలు పీడనం 39.7. అదే సైకిలును మధ్యాహ్నం రాతిబండ మీద ఎండలో నిలబెడితే టైరు 58 డిగ్రీలకు వేడెక్కవచ్చు. పరమ ఉష్ణోగ్రతలో ఇది 301 నుంచి 331 కెల్విన్లకు పెరగడం. పీడనమూ అదే నిష్పత్తిలో పెరిగి గేజిమీద సుమారు 29 అవుతుంది. ఉదయం పట్టుతో నడిచిన టైరు మధ్యాహ్నం రాళ్లమీద ఎగరడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక ఫ్రేము. ముందు చూడవలసింది వెనుక చక్రానికి రెండు పక్కలా మిగిలే ఖాళీ. టైరు పట్టడం ఒక్కటే చాలదు, నల్లరేగడి పట్టిన టైరు కూడా పట్టాలి. కాబట్టి నేను రెండు వైపులా కనీసం 6 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలంటాను. ఈ ఒక్క పరీక్షతోనే సగం ఫ్రేములు పక్కకు పోతాయి.

తర్వాతది తల కోణం, అంటే హ్యాండిల్ తిరిగే గొట్టం నేలతో చేసే కోణం. ఆ గొట్టం గీతను ఊహలో నేలదాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటుకన్నా కాస్త ముందు పడుతుంది. ఈ రెండు బిందువుల మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. ఆసుపత్రి స్ట్రెచరు కింది చక్రం తాను అటూ ఇటూ తిరిగే కీలుకు వెనకబడి ఎలా బుద్ధిగా అనుసరిస్తుందో, ముందు చక్రమూ అలాగే ఈ దూరం వల్ల తిన్నగా నిలబడుతుంది. ఫోర్కు ముందుకు వంగిన దూరం 44 మిల్లీమీటర్లు అనుకుంటే, 71 డిగ్రీల కోణంలో ట్రెయిల్ సుమారు 81 మిల్లీమీటర్లు, 66 డిగ్రీల్లో సుమారు 117. కోణం వాలిన కొద్దీ నిటారు దిగుడులో సైకిలు భయపెట్టకుండా దిగుతుంది. కాని అదే సైకిలు ఎక్కుడులో నెమ్మదిగా పోయేటప్పుడు ముందు చక్రాన్ని అటూ ఇటూ వాల్చుతుంది. మన ఎర్రమల గుట్టలు హిమాలయాలు కావు. ఎక్కుడూ దిగుడూ రెండూ పొట్టివి, రాళ్లు మాత్రం ఎక్కువ. అందుకే 66, 67 డిగ్రీల కోణమూ, 120 లేదా 130 మిల్లీమీటర్లు కుంగే ఫోర్కూ ఇక్కడికి చాలునని నా నిర్ణయం. ఇంకా పొడవైన ఫోర్కు బిగించాలనే ఆశ చాలామందికి కలుగుతుంది. అయితే ఫోర్కు 20 మిల్లీమీటర్లు పెరిగితే తల కోణం సుమారు ఒక డిగ్రీ వాలిపోతుంది, పెడలు ఇరుసు పైకి లేస్తుంది. ఫ్రేము గీసినవారు ఒక సైకిలును ఉద్దేశిస్తే మనం మరొక సైకిలును తొక్కుతాం.

వెనుక కూడా స్ప్రింగు ఉండే ఫ్రేమును నేను ఇక్కడ కోరను. దానిలో కీలుకొక జత బేరింగులు ఉంటాయి, వాటి చుట్టూ క్వార్ట్‌జ్ ఇసుక ఉంటుంది, మిగతాది ఊహించుకోవచ్చు.

లోహాల చర్చకు వస్తే, దాన్ని బరువుతో మొదలుపెట్టడం పొరపాటు. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.85 గ్రాములు, అల్యూమినియంది 2.7. వంగకుండా నిలిచే గుణాన్ని కొలిచే యంగ్ గుణకం ఉక్కుకు సుమారు 200 గిగాపాస్కల్, అల్యూమినియానికి సుమారు 70. రెండింటిలోనూ గుణకాన్ని సాంద్రతతో భాగించి చూస్తే నిష్పత్తి దాదాపు సమానం! అంటే, బరువుకు తగ్గ బిగువు విషయంలో అల్యూమినియానికి ప్రత్యేకంగా వరమేమీ లేదు. దాని బలం గొట్టం లావులో ఉంది. పలుచని గొట్టం బిగువు దాని వ్యాసార్ధం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం మార్చకుండా గొట్టాన్ని రెండింతలు లావు చేస్తే బరువు రెండింతలే, బిగువు ఎనిమిదింతలు. తేలిక లోహంతో ఈ పని చేయవచ్చు; అదే బరువులో ఉక్కుతో చేస్తే గొట్టం గోడ నొక్కుకుపోయేంత పలుచనైపోతుంది. అల్యూమినియం ఫ్రేములు లావుగానూ ఉక్కు ఫ్రేములు సన్నగానూ కనిపించడానికి కారణమిదే.

అయితే అలసట అనే గుణం ఒకటుంది. ఉక్కును ఒక పరిమితికి లోబడి ఎన్ని లక్షలసార్లు వంచినా అది విరగదు; అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన పరిమితి లేదు, చిన్న చిన్న ఒత్తిళ్లు కూడా లెక్కలో చేరుతూనే ఉంటాయి. మంచి ఫ్రేము గీసేవారు దీన్ని ముందే లెక్కించి గొట్టాలు గట్టిగా వేస్తారు కాబట్టి భయపడవలసిన పని లేదు. అసలు తేడా పగిలిన తర్వాత తెలుస్తుంది. 6061 రకం అల్యూమినియాన్ని వెల్డింగు చేశాక మళ్లీ కొలిమిలో వేడి సంస్కారం చేస్తేగాని దాని బలం తిరిగి రాదు. ఆ సౌకర్యం వీధి చివర దుకాణంలో ఉండదు. వెనుక గొట్టం అతుకు దగ్గర చీలిన నా పాత అల్యూమినియం ఫ్రేమును కడపలో ఒక గ్యాస్ వెల్డింగు మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చీలికను బొటనవేలితో తడిమి, ఫ్రేమును వెలుతురులోకి తిప్పి చూసి, తిరిగి నా చేతికిచ్చాడు. “ఇక్కడ అతికినట్టే ఉంటది నాయనా, గుట్ట దిగేటప్పుడు ఊడి చేతికొస్తది. నేను వెయ్యను” అన్నాడు. క్రోమియం, మాలిబ్డినం కలిసిన 4130 ఉక్కు అయితే ఇత్తడి కడ్డీతో అతకగలనని కూడా ఆయనే చెప్పాడు. కార్బన్ ఫ్రేము తేలికే, బిగువే. కాని రాయి ఎగిరి తగిలినప్పుడు పైకి గీతలా కనిపించేది లోపల పొరలు విడిపోవడం కావచ్చు. క్వార్ట్‌జైటు మధ్య తిరిగేవారికి ఆ అనుమానం మంచిది కాదు. అందుకే నా ఎంపిక ఉక్కు. ఈ లోహంతో ఈ విద్యకు పాత బంధముంది. 1976 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కొండబాటమీద రీప్యాక్ పందేలు మొదలైనప్పుడు కుర్రవాళ్లు పాత బరువు సైకిళ్లమీదే దిగేవారు. వెనుక బ్రేకు హబ్బులో గ్రీజు కాలిపోయి మళ్లీ మళ్లీ నింపవలసి వచ్చేది కాబట్టే ఆ పేరు. మరుసటి ఏడాది, 1977లో, జో బ్రీజ్ ఆ పని కోసమే ప్రత్యేకంగా కూర్చిన ఫ్రేము క్రోమియం-మాలిబ్డినం ఉక్కుతో చేసినదే.

ఫ్రేము కొనేముందు దాని రంధ్రాల కొలతలు కాగితంమీద రాసుకోవాలి. వెనుక హబ్బు వెడల్పు 142 మిల్లీమీటర్లా, 148 మిల్లీమీటర్లా? ఆ ఆరు మిల్లీమీటర్ల తేడా చక్రాన్నీ, పళ్ల చక్రాన్నీ, చైను తిన్నదనాన్నీ నిర్ణయిస్తుంది. తల గొట్టం కిందికి లావెక్కేదా, సమంగా ఉండేదా? హబ్బుమీద పళ్ల గుత్తిని ఎక్కించే తొడుగు హెచ్‌జి రకమా, ఎక్స్‌డియా, మైక్రో స్ప్లైనా? హెచ్‌జి మీద అతి చిన్న పళ్ల చక్రం సాధారణంగా 11 పళ్లది, మిగతా రెండింటిమీద 10 పళ్లది.

వీటన్నిటిలో నేను పట్టుబట్టేది బాటమ్ బ్రాకెట్, అంటే ఫ్రేములో పెడలు ఇరుసు తిరిగే బేరింగుల కూర్పు. దాన్ని నొక్కి కూర్చోబెట్టే ఫ్రేములున్నాయి, మరతో బిగించేవి ఉన్నాయి. ఇసుక నేలలో మరదే మేలు, ఎందుకంటే అరిగిన బేరింగును ఎవరైనా పానాతో విప్పి మార్చగలరు. ఒక్క జాగ్రత్త ఉంది. ఇంగ్లీషు కొలత మరలో, బేరింగును పట్టుకునే కుడి గిన్నెకు ఎడమ మర ఉంటుంది, అది సవ్యదిశలో తిప్పితే విడుతుంది. నా మొదటి కూర్పులో ఈ సంగతి తెలియక, పానాకు పొడవాటి పైపు తొడిగి మామూలు దిశలో బలంగా తిప్పడంతో గిన్నె ఇంకా బిగుసుకుని, చివరికి దాని అంచులే ఊడిపోయాయి. ఈ తలకిందుల మర ఎందుకో తెలుసుకోవాలంటే పెన్సిలును వదులుగా గుప్పిట పట్టుకుని, దాని పై కొనను మరో చేత్తో గుండ్రంగా తిప్పి చూడండి. కొన సవ్యదిశలో తిరుగుతుంటే పెన్సిలు గుప్పిటలో అపసవ్యంగా దొర్లుతుంది. కుడివైపు నుంచి చూస్తే పెడలు ఇరుసు సవ్యదిశలో తిరుగుతుంది కాబట్టి, గిన్నె అపసవ్యంగా పాకాలని చూస్తుంది. ఎడమ మర ఉంటే ఆ పాకుడే దాన్ని బిగిస్తుంది.

గేర్ల విషయం త్వరగా చెప్పుకోవచ్చు. ముందు 32 పళ్లు, వెనుక 51 పళ్ల చక్రంతో ఒక పెడలు చుట్టుకు సైకిలు సుమారు 1.44 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 5 కిలోమీటర్లకు కాస్త పైన. గుట్ట ఎక్కడానికి ఇంతకన్నా తేలిక గేరు అక్కర్లేదు. చైను అరుగుదలను బడిపిల్లల స్కేలుతో కొలవవచ్చు: చైనులో 24 లంకెల పొడవు సరిగ్గా 12 అంగుళాలుండాలి, అంగుళంలో పదహారో వంతు పెరిగితే మార్చవలసిందే. లేకపోతే అది పళ్లను కూడా తినేస్తుంది.

బ్రేకులకు 180 మిల్లీమీటర్ల డిస్కు వేస్తాను. మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలు ఉండి, 100 మీటర్ల ఎత్తు బ్రేకు పట్టుకుంటూ దిగితే వెలువడే శక్తి సుమారు 88 కిలోజౌళ్లు, అంటే లీటరు నీటిని 21 డిగ్రీలు వేడెక్కించేంత. అదంతా ఆ డిస్కు ఉక్కు రేకులోకి పోవాలి; రేకు పెద్దదైతే గాలికి త్వరగా చల్లారుతుంది. బ్రేకు గొట్టంలోని ద్రవం విషయంలో మాత్రం తికమక పడకూడదు. డాట్ (DOT) అని రాసి ఉండే బ్రేకు ద్రవంతో నడిచే బ్రేకులకు మోటారుసైకిలు దుకాణంలో దొరికే సీసా సరిపోతుంది. షిమానో కంపెనీ హైడ్రాలిక్ బ్రేకులు మినరల్ ఆయిలుతో నడుస్తాయి; వాటిలో డాట్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

స్పోకులు 32 చొప్పున, ఒక్కొక్కటీ మూడింటిని దాటేలా అల్లించుకోండి. అల్లిన చక్రాన్ని మొదటి వారం తొక్కాక మళ్లీ మేస్త్రీ చేతికిచ్చి, వదులైన స్పోకుల బిగువు సరిచేయించుకోండి. మన దగ్గర తొలి వారంలోనే సైకిలు రాళ్ల దారి పడుతుంది కాబట్టి ఆ పని వాయిదా వేయకూడదు.