క్లయింటుకీ డెవలపర్లకీ నడుమ: వెబ్ స్ట్రాటజిస్టు ఉద్యోగం వెనక కథ

బెంగళూరులో మారతహళ్లి, బెల్లందూరు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు తెలుగువాళ్లు నలుగురు కలిస్తే వినిపించే ఫిర్యాదు ఒకటుంది. కంపెనీలు మారినా అది మారదు. క్లయింటు ఒకటి అడిగాడు, మధ్యలో వాళ్లు ఇంకోటి రాసుకున్నారు, టీము మూడోది కట్టింది, చివరికి రాత్రి పదింటికి కాల్ పెట్టి డెవలపర్లను నిలదీశారు. మేనేజర్లు దీన్ని కమ్యూనికేషన్ స్కిల్స్ లోపం అంటారు, ఇంగ్లీషు ట్రైనింగులు పెడతారు. అసలు రోగం అది కాదని నా నమ్మకం. క్లయింటు అడిగినదానికీ టీము కట్టినదానికీ మధ్య పడే ఈ ఎడం మనుషుల మాటతీరులో లేదు. పనిని ముక్కలు చేసిన పద్ధతిలో, కాంట్రాక్టులు రాసుకున్న తీరులో ఉంది. వెబ్‌సైటు ఎవరి కోసం, దేనికోసం అన్నది కట్టకముందే క్లయింటుతో, టీముతో కూర్చుని తేల్చే వెబ్ స్ట్రాటజిస్టు అనే ఉద్యోగం ఆ ఎడంలోంచే పుట్టింది.

ఇన్ఫోసిస్ 1983లో పుణే నుంచి బెంగళూరుకు వచ్చింది. 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడ సెంటర్ పెట్టి, శాటిలైట్ లింకుతో ఇక్కడి పనిని నేరుగా అమెరికాకు పంపే దారి చూపించింది. ఆ రోజుల్లో మన ఇంజినీర్లు ఎక్కువగా విమానమెక్కి వెళ్లి, క్లయింటు ఆఫీసులోనే కూర్చుని పనిచేసేవాళ్లు. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏర్పడ్డాక డేటా లింకులు చిన్న కంపెనీలకూ అందాయి, పని ఇక్కడికే రావడం పెరిగింది. ఎన్నో కుటుంబాలను నిలబెట్టిన మార్పు ఇది. దానితోపాటే అడిగేవాళ్లు అక్కడ, కట్టేవాళ్లు ఇక్కడ అయిపోయారు. న్యూయార్క్‌లో పొద్దున 9 అయ్యేసరికి మనకు కాలాన్ని బట్టి సాయంత్రం ఆరున్నరో ఏడున్నరో అవుతుంది. ఆ ఒకటి రెండు గంటల్లో తేలనిది మర్నాటికి వాయిదా. అందుకే క్లయింటు దగ్గరే ఉండే ఆన్‌సైట్ కోఆర్డినేటర్ అనే పాత్ర వచ్చింది. అతని పని సమాచారం చేరవేయడం. క్లయింటు అడిగింది నిజంగా అవసరమా అని అడిగే అధికారం అతనికి ఎవరూ ఇవ్వలేదు.

ఆ అధికారం లేకపోయినా అప్పట్లో పెద్దగా నష్టం కనిపించలేదు. వైటూకే పనులు చూడండి. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన చోటల్లా వెతికి సరిచేయాలి, 2000 జనవరి 1న సిస్టం ఆగకూడదు. ఎందుకు చేస్తున్నామో ప్రపంచమంతటికీ తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంజినీరింగ్ కాలేజీల నుంచి, అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ల నుంచి బయల్దేరిన ఒక తరం ఇలాంటి పనుల మీదే చెయ్యి తిప్పుకుంది. రిక్వైర్‌మెంట్, అంటే ఏం కావాలన్నది, కాగితం మీద వస్తుంది, అందులో ఉన్నది చేయాలి అనే అలవాటు అక్కడ గట్టిపడింది. దానికి వాళ్లను తప్పుపట్టలేం. ఆ పనికి అది సరైన అలవాటే.

ఆ అలవాటుకు ఇంకా పాత మూలం ఉంది. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ ఇంజినీరు పెద్ద సాఫ్ట్‌వేర్ తయారీ మీద ఒక పేపర్ రాశాడు. రిక్వైర్‌మెంట్స్, డిజైన్, కోడింగ్, టెస్టింగ్ అంటూ పైనుంచి కిందికి దిగే మెట్ల బొమ్మ అందులో ఉంది. ఒకే ఊపులో అలా దిగిపోవడం ప్రమాదమని, వైఫల్యం తెచ్చిపెడుతుందని ఆయన ఆ పేపర్‌లోనే రాశాడు. పరిశ్రమ బొమ్మను తీసుకుని హెచ్చరికను వదిలేసింది. ధర ముందే ఖాయం చేసే ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టుకు ఆ బొమ్మ చక్కగా సరిపోయింది. ప్రతి మెట్టు దగ్గరా క్లయింటు ఆమోదమిచ్చే ఒక సైన్-ఆఫ్, ప్రతి సైన్-ఆఫ్‌కూ ఒక బిల్లు. ఆ తర్వాత ఏది మార్చమన్నా చేంజ్ రిక్వెస్టే, అంటే విడిగా రాసుకోవాల్సిన కొత్త పనే.

వెబ్‌సైట్ల దగ్గరికి వచ్చేసరికి ఈ ఏర్పాటు చెల్లలేదు. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. తొలి రోజుల్లో సైటంటే ఒక వెబ్‌మాస్టర్. రాతా, బొమ్మలూ, కోడూ, సర్వరూ అన్నీ ఒక్కరే చూసుకుంటే ఎడానికి చోటెక్కడ? తర్వాత డిజైనర్, డెవలపర్, కంటెంట్ రైటర్, గూగుల్ వెతుకులాటలో సైటు పైన కనిపించేలా చూసే ఎస్‌ఈఓ మనిషి విడివిడిగా వచ్చారు. అటువైపు క్లయింటు కూడా మారాడు. బ్యాంకు సాఫ్ట్‌వేర్ అడిగేది బ్యాంకు ఐటీ విభాగం. వెబ్‌సైటు అడిగేది మార్కెటింగ్ మేనేజర్, కాలేజీ ఛైర్మన్, ఆసుపత్రి యజమాని. తమకేం కావాలో కాగితం మీద పెట్టగలిగే స్థితిలో వాళ్లుండరు. ఉండాలని కోరడం కూడా న్యాయం కాదు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి, కొంచెం కొంచెంగా కట్టి చూపిస్తూ సాగే పనితీరు కోసం అజైల్ మ్యానిఫెస్టో రాశారు. కాంట్రాక్టు బేరాల కన్నా కస్టమరుతో కలిసి పనిచేయడమే ముఖ్యమన్నది అందులోని నాలుగు విలువల్లో ఒకటి. బెంగళూరు ఆఫీసుల్లోకి స్టాండప్‌లు (రోజువారీ చిన్న మీటింగులు), స్ప్రింట్‌లు (కొద్ది వారాల పని విడతలు) వచ్చాయి. చాలా చోట్ల కాంట్రాక్టు మాత్రం పాతదే. కస్టమరు పక్కన లేడు కాబట్టి అతని బదులు మనవాళ్లలోనే ఒకరిని కూర్చోబెట్టారు. 2003లో కెనడాలో, క్లయింటు అవసరాలను టీముకు రాసిపెట్టే బిజినెస్ అనలిస్టులకు ఒక అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది, ఆ వృత్తికి గుర్తింపు పెరిగింది. రిక్వైర్‌మెంట్ రాయడం వాళ్లు బాగా చేస్తారు. ఈ పేజీ అసలు ఎవరి కోసం, దీనివల్ల వ్యాపారంలో ఏం మారాలి అనే ప్రశ్నకు వెబ్ పనుల్లో మాత్రం దిక్కులేకుండా పోయింది.

2007లో ఐఫోన్, 2010లో ఈథన్ మార్కాట్ అనే వెబ్ డిజైనర్ ప్రతిపాదించిన, తెర సైజును బట్టి పేజీ సర్దుకునే రెస్పాన్సివ్ డిజైన్ సైన్-ఆఫ్ అర్థాన్నే మార్చేశాయి. క్లయింటు ఆమోదించింది ఒక బొమ్మను. డెవలపరు కట్టేది ప్రతి తెరమీదా రూపు మారే పేజీని. "మేం ఒప్పుకున్నది ఇది కాదు" అని క్లయింటు అంటే అబద్ధం కాదు, "మీరు ఒప్పుకున్నదే కట్టాం" అని టీము అన్నా అబద్ధం కాదు.

ఈ ఎడం ఎంత ఖరీదైందో 2013 అక్టోబర్ 1న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా సైటు హెల్త్‌కేర్.గవ్ చూపించింది. మొదటి రోజు బీమాలో చేరగలిగింది ఆరుగురే. పనిలో 50కి పైగా కాంట్రాక్టు కంపెనీలున్నాయి, మొత్తానికి బాధ్యత వహించేవారు లేరు. ఆ నెలాఖరులో ఒక కంపెనీకి మొత్తం సమన్వయం అప్పగించారు, రోజూ అందరినీ ఒకచోట కలిపారు. ఎక్కువ హోదా ఉన్నవాళ్లు కాదు, సమస్య గురించి ఎక్కువ తెలిసినవాళ్లు మాట్లాడాలన్నది ఆ మీటింగుల నియమాల్లో ఒకటి. డిసెంబరు మొదటికి సైటు చాలామందికి పనిచేయసాగింది. ఆ రెండు నెలల్లో డెవలపర్ల తెలివి పెరగలేదు. మాట ఎవరి నుంచి ఎవరికి వెళ్లాలో మారింది.

కోరమంగళ, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఏజెన్సీల్లో ఉన్న తెలుగు స్ట్రాటజిస్టులకు ఈ మాట కలిపే పనిలో ఒక వీలుంది. గుంటూరు, విజయవాడ, నెల్లూరు నుంచి వచ్చే క్లయింట్లు తెలుగులో మనసు విప్పి మాట్లాడతారు. "సైటు అదిరిపోవాలండీ, వీడియో ఉండాలి" అని ఒక ఆసుపత్రి యజమాని అంటారు. అప్పుడు అడగాల్సింది వీడియో ఎన్ని నిమిషాలని కాదు. రిసెప్షన్‌లో ఫోనెత్తే అమ్మాయిని రోజంతా జనం ఏమడుగుతున్నారని. ఓపీ టైమింగ్స్, డాక్టరుగారు ఇవాళ ఉన్నారా లేదా, ఫలానా కార్డు చెల్లుతుందా అన్నవే ఎక్కువ వస్తుంటే హోమ్‌పేజీలో ముందు ఉండాల్సినవి అవే. టీము వైపు కూడా ఇంతే నిజాయితీగా ఉండాలి. డాక్టర్ల షెడ్యూలు పాత సాఫ్ట్‌వేర్‌లో ఉండి బయటికి రాదని డెవలపరు చెబితే, దానికి ఇన్ని వారాలు, ఇంత ఖర్చు అని యజమానికి ఆ రోజే చెప్పాలి. గో-లైవ్, అంటే సైటు జనానికి తెరిచే రోజుకు, ముందురోజు చెబితే అది ద్రోహమే.

చాలా ఏజెన్సీల్లో ఇప్పటికీ ధర, గడువు, పేజీల సంఖ్య ఖాయమై సంతకాలయ్యాకే స్ట్రాటజిస్టును పిలుస్తున్నారు. అప్పటికి అడగాల్సిన ప్రశ్నలకు చోటుండదు, మళ్లీ పాత ఆన్‌సైట్ కోఆర్డినేటర్ పాత్రే మిగులుతుంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చాక ఒక ఫారంలో ఫోన్ నంబరు అడగాలా వద్దా అన్నది కూడా ముందే తేల్చుకోవాల్సిన సంగతైంది. అందుకే కొన్ని ఏజెన్సీలు డిస్కవరీ దశను విడి కాంట్రాక్టుగా, విడి ఫీజుతో రాస్తున్నాయి. రెండు మూడు వారాలు యజమానితో, రిసెప్షన్‌తో, డెవలపర్లతో కూర్చుని మాట్లాడాకే కట్టడానికి ధర చెబుతాయి. స్ట్రాటజిస్టు ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్లే తెలుగు పిల్లలు జీతం గురించి అడిగేముందు, ధర ఖాయం చేసే మీటింగులో తమకు కుర్చీ ఉంటుందో లేదో అడగాలి.